పీజీ గణితం, కంప్యూటింగ్: పరీక్షలు, గ్రేడ్ల లెక్క ముందే తెలుసుకుని చదవడం ఎలా?

ఎమ్మెస్సీ గణితంలోనో, ఎంసీఏలోనో, కంప్యూటర్ సైన్స్ ఎంటెక్‌లోనో చేరిన మొదటి నెలలో అందరూ సిలబస్ చూస్తారు, పాత ప్రశ్నపత్రాలు సంపాదిస్తారు. మార్కులు ఎలా కలుపుతారో రాసి ఉన్న నిబంధనల పుస్తకాన్ని మాత్రం చాలామంది ఫలితాలు వచ్చాకే తెరుస్తారు. అప్పటికి చేయగలిగింది పెద్దగా ఉండదు. ఏ పేపర్‌కు ఎంత వెయిటేజీ, ఎక్కడ కనీస మార్కు తప్పనిసరి, ప్రాజెక్టు రిపోర్టులో దేనికి మార్కులు వేస్తారు అన్నవి మీరు చేరేనాటికే నిర్ణయమై ఉంటాయి. వాటిని ముందే చదివి, దిద్దేవాళ్లు మార్కు వేయగలిగేలా రాయడం అలవాటు చేసుకుంటే అంతే చదువుకు ఎక్కువ ఫలితం దక్కుతుంది. ఎలాగో వరసగా చెబుతాను.

మొదటి పని: మీ బ్యాచ్ నిబంధనలు చేతికి తెచ్చుకోండి

కోర్సు హ్యాండ్‌బుక్, పరీక్షల నిబంధనలు, ఒక్కో సబ్జెక్టు వివరాల పత్రం. ఈ మూడూ యూనివర్సిటీ వెబ్‌సైట్‌లోనో, డిపార్ట్‌మెంట్ ఆఫీసులోనో దొరుకుతాయి. మీరు చేరిన సంవత్సరానివే తీసుకోండి. సీనియర్లు ఇచ్చేది పాత రెగ్యులేషన్ అయి ఉండవచ్చు, రెండింటికీ మధ్య పాస్ మార్కే మారిపోయి ఉండవచ్చు.

పెన్ను పట్టుకుని చదవండి. ముందుగా ప్రతి సబ్జెక్టుకూ క్రెడిట్లు ఎన్నో రాసుకోండి. తర్వాత ఇంటర్నల్స్‌కు ఎంత, చివరి పరీక్షకు ఎంత, రెండింట్లో విడివిడిగా పాస్ కావాలా, కలిపితే సరిపోతుందా అన్నది చూడండి. చాలామంది దెబ్బతినేది ఇక్కడే. మొత్తం కలిపితే 55 వచ్చినా, చివరి పరీక్షలో విడిగా రావాల్సిన కనీస మార్కు రాకపోతే ఆ సబ్జెక్టు ఫెయిలే. మళ్లీ రాస్తే ఎన్ని మార్కుల వరకు ఇస్తారో కూడా చూడండి. బ్రిటన్ యూనివర్సిటీల్లో మాస్టర్స్ స్థాయిలో రీసిట్ రాసినవాళ్లకు సాధారణంగా పాస్ మార్కు 50 మించి వేయరు, జవాబు ఎంత బాగున్నా సరే. అసైన్‌మెంట్ ఆలస్యమైతే రోజుకు ఎంత కోత అన్నది కూడా ఆ పత్రాల్లోనే ఉంటుంది.

గణితం వాళ్లు ప్రత్యేకంగా వెతకాల్సింది ఇంకొకటి ఉంది. ప్రశ్నపత్రంలో ఆరు ప్రశ్నలుంటే మీరు రాసినవాటిలో ఉత్తమమైనవే లెక్కిస్తారా, వరసలో మొదట రాసినవా? ఉత్తమమైనవి లెక్కించే చోట అదనంగా ఒక ప్రశ్న మొదలుపెట్టినా నష్టం లేదు. మొదటివే లెక్కించే చోట, వదిలేసిన ప్రశ్నను స్పష్టంగా కొట్టేయకపోతే దాన్నే దిద్దేస్తారు.

రెండో పని: ఆ అంకెకు అక్కడ ఏం విలువో తెలుసుకోండి

ఒకే అంకెకు ఒక్కో చోట ఒక్కో అర్థం. మన దేశంలో యూజీసీ సూచించిన పది పాయింట్ల పద్ధతిలో ఓ గ్రేడ్‌కు 10, ఏ ప్లస్‌కు 9, ఏకు 8, బీ ప్లస్‌కు 7, బీకి 6, సీకి 5, పాస్ గ్రేడ్ పీకి 4 పాయింట్లు. ఎఫ్ వచ్చినా, గైర్హాజరైనా సున్నా. ఏ గ్రేడ్‌కు ఎన్ని మార్కులు కావాలన్నది మాత్రం సంస్థను బట్టి మారుతుంది. బ్రిటన్‌లో మాస్టర్స్‌కు సాధారణంగా 50 పాస్, 60 మెరిట్, 70 డిస్టింక్షన్. ఫ్రాన్స్‌లో ఇరవైకి 10 వస్తే పాస్, 12 నుంచి 'అస్సే బియాన్' (బాగానే ఉంది), 14 నుంచి 'బియాన్' (బాగుంది), 16 నుంచి 'త్రే బియాన్' (చాలా బాగుంది). జర్మనీలో లెక్క తలకిందులు: 1.0 అన్నిటికంటే మంచిది, 4.0 వరకు పాస్, 5.0 ఫెయిల్. అమెరికాలో చాలా గ్రాడ్యుయేట్ ప్రోగ్రాముల్లో పాస్ అయితే చాలదు, నాలుగుకు 3.0 సగటు నిలబెట్టుకోవాలి.

కాబట్టి బ్రిటన్‌లో చదివే స్నేహితుడికి 72 వచ్చిందంటే జాలిపడకండి. అది డిస్టింక్షన్.

గణితంలో మరో చిక్కుంది. ప్రశ్నలు సరిగ్గా పడితే వందకు వంద రావచ్చు, పేపర్ కఠినంగా ఉంటే క్లాసు మొత్తం నలభైలలో ఆగిపోవచ్చు. వ్యాసరూప సబ్జెక్టుల్లో ఈ ఊగిసలాట తక్కువ. అందుకే కొన్ని యూనివర్సిటీలు జవాబుపత్రంలోని ముడి మార్కును నేరుగా ప్రకటించకుండా ఒక ప్రామాణిక స్కేలులోకి మారుస్తాయి. ఆక్స్‌ఫర్డ్‌లో దీన్ని యూనివర్సిటీ స్టాండర్డైజ్డ్ మార్క్ అంటారు. ఇలాంటి చోట ముడి మార్కు 52 వస్తే ప్రకటించేది 63 కావచ్చు. ఇంకొన్ని చోట్ల రిలేటివ్ గ్రేడింగ్ ఉంటుంది, అంటే క్లాసులో మిగతావాళ్లు ఎలా రాశారన్నదాన్ని బట్టి గ్రేడ్ల సరిహద్దులు గీస్తారు. మీ దగ్గర వీటిలో ఏది నడుస్తోందో తెలిస్తే, పేపర్ కష్టంగా వచ్చిన రోజు టెన్షన్ సగం తగ్గుతుంది. అందరికీ కష్టంగా ఉన్న పేపర్‌లో రెండు ప్రశ్నలు పూర్తిగా, శుభ్రంగా రాసినవాళ్లు బాగానే నిలబడతారు.

మూడో పని: సెమిస్టర్ మొదట్లోనే లెక్క వేయండి

సెమిస్టర్ సగటు తీయడం తేలిక. ప్రతి సబ్జెక్టు గ్రేడ్ పాయింట్‌ను దాని క్రెడిట్లతో గుణించి, అన్నీ కూడి, మొత్తం క్రెడిట్లతో భాగించాలి. ఉదాహరణకు నాలుగేసి క్రెడిట్ల పేపర్లు నాలుగు, రెండు క్రెడిట్ల ల్యాబ్ ఒకటి ఉన్నాయనుకోండి. పేపర్లలో 9, 8, 7, 6 పాయింట్లు, ల్యాబ్‌లో 10 వచ్చాయి. పేపర్ల నుంచి 36, 32, 28, 24, ల్యాబ్ నుంచి 20. మొత్తం 140. క్రెడిట్లు 18. సగటు 7.78.

ఇప్పుడు అన్నిటికంటే వెనకబడిన పేపర్ 6 నుంచి 7కు పెరిగితే మొత్తం 144, సగటు సరిగ్గా 8.0. అదే ల్యాబ్‌లో ఒక గ్రేడ్ తగ్గి 9 వస్తే పోయేది 0.11 మాత్రమే. ల్యాబ్ రికార్డుకు అందమైన అట్టలు వేస్తూ గడిపిన వారం మెజర్ థియరీకి పెట్టి ఉంటే ఏమయ్యేదో ఈ అంకెలే చెబుతాయి. చాలామంది ఇష్టమైన సబ్జెక్టును 9 నుంచి 10కి తీసుకెళ్లడానికి కష్టపడతారు. నా ఉద్దేశంలో 6 నుంచి 7 తెచ్చుకోవడం దాదాపు ఎప్పుడూ అంతకంటే తక్కువ శ్రమ, ఫలితం మాత్రం అంతే.

బ్రిటన్ తరహా మాస్టర్స్‌లో లెక్క ఇంకో విధంగా ఉంటుంది. మొత్తం 180 క్రెడిట్లలో డిసర్టేషన్‌కే చాలా చోట్ల 60. చదివిన సబ్జెక్టుల 120 క్రెడిట్లలో సగటు 66, డిసర్టేషన్‌కు 74 వచ్చాయనుకోండి. మొత్తం సగటు 68.67, అంటే మెరిట్. 70 చేరాలంటే డిసర్టేషన్‌కు 78 రావాలి. ఆ లెక్క వేసవి ప్రాజెక్టు మొదలుపెట్టే ముందే తెలిస్తే ఎంత పట్టుగా పనిచేయాలో తెలుస్తుంది. కొన్ని చోట్ల సగటు 70 ఉన్నా డిసర్టేషన్‌లో విడిగా 70 రాకపోతే డిస్టింక్షన్ ఇవ్వరు. సరిహద్దులో ఉన్నవాళ్లను పైకి తీసుకునే నియమం కూడా కొన్ని చోట్ల ఉంటుంది. రెండూ నిబంధనల్లో చూసుకోవాల్సినవే.

నాలుగో పని: గణితం జవాబును మార్కుల విభజన చూస్తూ రాయండి

దిద్దేవాళ్ల ముందు ఒక కాగితం ఉంటుంది. ప్రతి ప్రశ్ననూ ముక్కలు చేసి, ఏ మెట్టుకు ఎన్ని మార్కులో రాసి ఉంటుంది. మీ జవాబులో ఆ మెట్లు కనబడాలి. ఒక ఉదాహరణ దగ్గరగా చూద్దాం.

టోపాలజీ పేపర్‌లో ఒక ప్రశ్న, హౌస్‌డార్ఫ్ స్పేస్‌లో కాంపాక్ట్ ఉపసమితి క్లోజ్డ్ అని నిరూపించండి: 8 మార్కులు. దీన్ని ఇలా విడగొట్టవచ్చు. కాంపాక్ట్ సమితికి బయట ఒక బిందువు తీసుకుని, సమితిలోని ప్రతి బిందువుకూ దానికీ మధ్య ఒకదాన్నొకటి తాకని రెండు ఓపెన్ సమితులు ఉన్నాయని హౌస్‌డార్ఫ్ నిర్వచనం నుంచి చెప్పినందుకు 2. సమితి బిందువుల వైపు ఉన్న ఓపెన్ సమితులు మొత్తం సమితిని కప్పుతాయి, కాంపాక్ట్ కాబట్టి వాటిలో పరిమిత సంఖ్య చాలు అన్నందుకు 2. వాటికి జోడీగా, బయటి బిందువు వైపు ఉన్న ఓపెన్ సమితుల ఛేదనం తీసుకుని, అది ఓపెన్ అనీ మన సమితిని తాకదనీ చూపినందుకు 3. పూరక సమితి ఓపెన్, కాబట్టి మనది క్లోజ్డ్ అని ముగించినందుకు 1.

ఇందులో విద్యార్థులు ఎక్కువగా పోగొట్టుకునేది ఆ మూడు మార్కుల్లోనే. ఛేదనం ఓపెన్ అని రాసేసి ముందుకు పోతారు. ఎందుకు ఓపెన్? పరిమిత సంఖ్యలో సమితులు కాబట్టి. అనంతమైతే ఆ మాట నిలబడదు. కాంపాక్ట్ అన్న షరతు ఈ నిరూపణకు అవసరమైందే ఆ ఒక్క చోట. 'పరిమిత సంఖ్యలో ఉన్నవి కాబట్టి' అన్న నాలుగు మాటలు రాయకపోతే, మీకు విషయం అర్థమైందో, బట్టీపట్టి రాశారో దిద్దేవాళ్లకు తెలియదు. ఇచ్చిన ప్రతి షరతును ఎక్కడ వాడారో చెప్పడం పీజీ గణితంలో మార్కులు తెచ్చే మొదటి అలవాటు. జవాబు పూర్తయ్యాక ప్రశ్నలోని షరతులన్నీ ఒకసారి చూడండి. ఏదైనా వాడకుండా మిగిలిపోయిందంటే చాలావరకు ఎక్కడో కారణం చెప్పకుండా దాటేసినట్టే.

ప్రశ్న రెండు మూడు భాగాలుగా ఉన్నప్పుడు మొదటి భాగం రాకపోయినా ఆగిపోకండి. 'మొదటి భాగంలోని ఫలితాన్ని వాడుకుంటున్నాను' అని రాసి రెండో భాగం చేయండి, దాని మార్కులు దానికే వస్తాయి. లెక్కలో చిన్న తప్పు దొర్లి చివరి అంకె మారినా, పద్ధతి కనిపిస్తే ఎక్కువ మార్కులు నిలుస్తాయి. పద్ధతి చూపకుండా తప్పు అంకె ఒక్కటే రాస్తే ఇవ్వడానికి ఏమీ ఉండదు. సిద్ధాంతాన్ని వాడేటప్పుడు పేరు చెప్పి, దాని షరతులు ఇక్కడ ఎలా సరిపోయాయో ఒక వాక్యం రాయండి. ఉదాహరణకు డామినేటెడ్ కన్వర్జెన్స్ సిద్ధాంతం (లిమిట్‌ను ఇంటిగ్రల్ లోపలికి తీసుకెళ్లనిచ్చేది) వాడితే, డామినేట్ చేసే ఫంక్షన్ ఏదో చూపాలి, అది ఇంటిగ్రబుల్ అని చెప్పాలి.

సమయం విషయానికొస్తే, మూడు గంటల్లో వంద మార్కుల పేపర్ అనుకోండి. చదవడానికి, చివర్లో చూసుకోవడానికి 15 నిమిషాలు తీసేస్తే మార్కుకు నిమిషంన్నర కంటే కాస్త ఎక్కువ మిగులుతుంది. పైన చెప్పిన 8 మార్కుల ప్రశ్నకు 13 నిమిషాలు. 25 నిమిషాలు దాటినా తేలకపోతే అక్కడ అర పేజీ ఖాళీ వదిలి ముందుకు వెళ్లండి. పరీక్ష వ్యవధి కోర్సు పరిమాణాన్ని బట్టి కూడా మారవచ్చు. కేంబ్రిడ్జ్ గణితం పార్ట్ త్రీలో (అక్కడి మాస్టర్స్ స్థాయి కోర్సు) 16 లెక్చర్ల కోర్సుకు రెండు గంటల పేపర్, 24 లెక్చర్ల కోర్సుకు మూడు గంటల పేపర్ పెడతారు. పాత పేపర్లు చేసేటప్పుడు గడియారం పెట్టుకుని, చేత్తో కాగితం మీద రాయండి.

మౌఖిక పరీక్షలు ఉండే చోట, జర్మనీలో ఇవి బాగా ఎక్కువ, నిరూపణ మొత్తం ఒప్పజెప్పమని సాధారణంగా అడగరు. ముఖ్యమైన ఆలోచన ఏమిటి, ఈ షరతు తీసేస్తే ఏం చెడుతుంది, ఒక ప్రతిఉదాహరణ చెప్పండి అంటారు. స్నేహితుడిని ఎదురుగా కూర్చోబెట్టి బోర్డు మీద చెప్పడం తప్ప దీనికి వేరే సాధన లేదు.

ఐదో పని: కంప్యూటింగ్‌లో కోడ్ ఎంత ముఖ్యమో, రిపోర్టు అంతే

అల్గారిథమ్స్ రాత పరీక్షలో అల్గారిథమ్ రాసి వదిలేస్తే సగం మార్కులే. అది సరైన జవాబే ఎందుకు ఇస్తుందో చెప్పాలి, ఎంత సమయం తీసుకుంటుందో చెప్పాలి, ఆ అంచనా ఎలా వచ్చిందో చూపాలి. ప్రశ్నలో ప్రత్యేకంగా అడగకపోయినా పీజీ స్థాయిలో ఈ మూడూ రాయడం మేలు.

అసైన్‌మెంట్లలో కోడ్‌ను తరచుగా ఆటోమేటిక్‌గా పరీక్షిస్తారు. మీకు చూపించిన టెస్టులు కొన్నే, దాచిపెట్టినవి ఇంకా ఉంటాయి. ఖాళీ ఇన్‌పుట్, ఒకే ఒక్క అంశం ఉన్న ఇన్‌పుట్, అన్నీ సమానమైనవి, గరిష్ఠ పరిమాణం: ఈ నాలుగూ మీరే రాసి నడిపి చూడండి. ఫైలు పేరు, అవుట్‌పుట్ ఫార్మాట్ అడిగినట్టే ఉండాలి. చివర ఒక ఖాళీ లైను ఎక్కువైనా సున్నా పడే సందర్భాలున్నాయి. సమర్పించే ముందు మీ కోడ్‌ను వేరే కంప్యూటర్‌లో, ఖాళీ ఫోల్డర్‌లో పెట్టి, మీరు రాసిన సూచనలు మాత్రమే చదివి నడపండి.

రిపోర్టులో 'మా పద్ధతి వేగంగా పనిచేసింది' అని రాస్తే మార్కు వేయడానికి పట్టు దొరకదు. ఏ మెషీన్, ఇన్‌పుట్ పరిమాణాలు ఎంత, ఒక్కో పరిమాణానికి ఎన్నిసార్లు నడిపారు, సగటు ఎంత, హెచ్చుతగ్గులు ఎంత, సిద్ధాంతం ప్రకారం రావాల్సిన వక్రరేఖకు గ్రాఫ్ ఎంత దగ్గరగా వచ్చింది, రాకపోతే ఎందుకు అన్నవి రాయండి. మెషీన్ లెర్నింగ్ ప్రాజెక్టుల్లో పరీక్షకులు మొదట వెతికేవాటిలో డేటా లీకేజీ ఒకటి. డేటాను ట్రైనింగ్, టెస్ట్‌గా విడగొట్టకముందే మొత్తం మీద స్కేలింగ్ (అంకెలన్నిటినీ ఒకే స్థాయికి తేవడం) చేస్తే, టెస్ట్ సమాచారం ట్రైనింగ్‌లోకి పాకినట్టే. 97 శాతం కచ్చితత్వం చూపించినా ఆ ఒక్క లోపంతో ఫలితం విలువ పోతుంది. లీకేజీ లేని 84 శాతానికి, ఎందుకు అంతే వచ్చిందో వివరించినవాళ్లకు, మంచి మార్కులు వస్తాయి, రావాలి కూడా.

కాపీ సంగతి. కోడ్ పోలికలు పట్టడానికి బర్క్‌లీలోని కాలిఫోర్నియా యూనివర్సిటీలో తయారైన మాస్ అనే సాఫ్ట్‌వేర్ 1994 నుంచి వాడుకలో ఉంది. వేరియబుల్ పేర్లు మార్చినా, కామెంట్లు తీసేసినా అది కోడ్ నిర్మాణాన్ని చూస్తుంది. భారత్‌లో థీసిస్‌లు, డిసర్టేషన్లకు యూజీసీ 2018 నిబంధనల ప్రకారం 10 శాతం వరకు పోలికకు శిక్ష లేదు. ఆపైన 40 శాతం వరకు అయితే ఆరు నెలలకు మించని గడువులో సవరించి ఇవ్వాలి. 40 దాటి 60 వరకు అయితే ఏడాది పాటు సవరించిన ప్రతి కూడా తీసుకోరు. 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. ఏఐ టూల్స్ వాడుకపై ఒక్కో సబ్జెక్టుకు ఒక్కో నియమం ఉండవచ్చు, కాబట్టి టీచర్‌ను ముందే అడిగి, వాడితే ఎక్కడ వాడారో రిపోర్టులో రాయండి.

ఆరో పని: డిసర్టేషన్‌లో మీ వాటా ఏదో మొదటి పేజీల్లోనే చెప్పండి

డిసర్టేషన్‌ను మామూలుగా ఇద్దరు వేర్వేరుగా దిద్దుతారు. మార్కులు బాగా తేడా వస్తే మాట్లాడుకుని కుదుర్చుకుంటారు, లేదంటే మూడో వ్యక్తికి పంపుతారు. ఆ ఇద్దరిలో ఒకరు మీ గైడ్ కాకపోవచ్చు. మీరు ఎంత కష్టపడ్డారో ఆ రెండో వ్యక్తికి తెలియదు, చేతిలో ఉన్న పేజీలే తెలుసు. అందుకే పరిచయంలోనే స్పష్టంగా రాయండి: రెండో అధ్యాయం తెలిసిన ఫలితాల వివరణ, అందులోని నిరూపణను ఫలానా పేపర్ నుంచి తీసుకుని ఖాళీలు పూరించాను, మూడో అధ్యాయంలోని ఉదాహరణలు నావి. గణితం మాస్టర్స్‌లో కొత్త సిద్ధాంతం కనిపెట్టకపోయినా మంచి మార్కులు వస్తాయి. మూడు పేపర్లలో చెల్లాచెదురుగా ఉన్న విషయాన్ని ఒకే సంకేతాలతో, ఒకే క్రమంలో, మీ క్లాస్‌మేట్ చదివి అర్థం చేసుకునేలా రాయడమే పెద్ద పని.

కొన్ని కోర్సుల్లో ఇలాంటి రాత ఏడాది పొడవునా ఉంటుంది. ఆక్స్‌ఫర్డ్‌లో గణితం, కంప్యూటర్ సైన్స్ మూలసూత్రాల ఎమ్మెస్సీలో కోర్సుల మూల్యాంకనం మినీ ప్రాజెక్టులతో జరుగుతుంది, చివర డిసర్టేషన్ అదనం. అలాంటి చోట మొదటి మినీ ప్రాజెక్టు మీద వచ్చిన వ్యాఖ్యలను దాచుకుని, రెండోది మొదలుపెట్టే ముందు చదవండి.

వైవాలో, అంటే ప్రాజెక్టుపై మౌఖిక పరీక్షలో, తెలియని ప్రశ్న వస్తే తెలిసిన దగ్గర మొదలుపెట్టి పైకి చెబుతూ ఆలోచించండి. మీ రిపోర్టులోని ప్రతి లైనుకూ, ప్రతి ఫంక్షన్‌కూ మీరే జవాబుదారీ. వివరించలేనిది తీసేయండి.

ఏడో పని: ఫలితాలు వచ్చాక ఏం అడగవచ్చో తెలుసుకోండి

మీ పేపర్ దిద్దాక నేరుగా మార్కు రాదు. చాలా చోట్ల మోడరేషన్ (మార్కులు ఒకే తీరుగా పడ్డాయో లేదో సరిచూడటం) ఉంటుంది, బయటి యూనివర్సిటీ నుంచి వచ్చిన ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ నమూనా పేపర్లు చూస్తారు, చివరికి పరీక్షల బోర్డు ఆమోదిస్తుంది. ముందుగా చెప్పినవి తాత్కాలిక మార్కులు కావచ్చు.

ఆరోగ్యం బాగోక పరీక్ష చెడితే కాగితాలు బోర్డు సమావేశానికి ముందే ఇవ్వాలి. ఫలితాలు చూశాక ఇస్తే వినిపించుకోవడం కష్టం. బ్రిటన్‌లో 'నా జవాబుకు ఇంకా మార్కులు రావాలి' అన్న కారణంతో అప్పీలు చెల్లదు, దిద్దిన పద్ధతిలో లోపం వంటి కారణాలు ఉంటేనే చెల్లుతుంది. మన దేశంలో చాలా యూనివర్సిటీల్లో రీకౌంటింగ్, రీవాల్యుయేషన్ ఉన్నాయి, గడువు మాత్రం చిన్నది. దిద్దిన జవాబుపత్రాన్ని సమాచార హక్కు చట్టం కింద చూసే హక్కు విద్యార్థికి ఉందని సుప్రీంకోర్టు 2011లో సీబీఎస్‌ఈ కేసులో చెప్పింది. రీవాల్యుయేషన్‌కు డబ్బు కట్టే ముందు వీలైతే జవాబుపత్రం కాపీ చూడండి. కూడికలో తప్పో, దిద్దకుండా వదిలేసిన పేజీయో కనిపిస్తే మీ దరఖాస్తుకు బలం ఉంటుంది.

చివరిగా, వేరే దేశానికి దరఖాస్తు చేసేవాళ్లకు గ్రేడ్ మార్పిడి. జర్మనీలో వాడే సవరించిన బవేరియన్ సూత్రం ఇది: గరిష్ఠ గ్రేడ్ నుంచి మీ గ్రేడ్ తీసేసి, దాన్ని గరిష్ఠానికీ పాస్ గ్రేడ్‌కూ ఉన్న తేడాతో భాగించి, మూడుతో గుణించి, ఒకటి కలపాలి. పదికి 8 వచ్చి, పాస్ 4 అయితే మీ జర్మన్ గ్రేడ్ 2.0. అదే 8కి, మీ యూనివర్సిటీలో పాస్ 5 అయితే 2.2. పాస్ గ్రేడ్ ఎంతన్నది మార్కుల పట్టికలో లేకపోతే ఎదుటివాళ్లు ఏదో ఒకటి ఊహించుకుంటారు. కాబట్టి ట్రాన్‌స్క్రిప్ట్ తీసుకునేటప్పుడే గ్రేడింగ్ స్కేలు, కనీస పాస్ గ్రేడ్, సీజీపీఏను (అన్ని సెమిస్టర్ల సగటు గ్రేడ్ పాయింట్‌ను) శాతంగా మార్చే మీ యూనివర్సిటీ సూత్రం, మూడూ ఉన్న పత్రం పరీక్షల విభాగం నుంచి సంతకం, ముద్రతో అడిగి తీసుకోండి.